ప్రతి సీరియల్‌కూ ఒక కొత్త రచయితను తీసుకోండి: తెలుగు చానళ్లకు, నిర్మాతలకు బహిరంగ లేఖ

తెలుగు వినోద చానళ్లలో ఫిక్షన్ విభాగాలు చూసే పెద్దలకు, సీరియల్ నిర్మాతలకు,

నమస్కారం.

నేను ఫిల్మ్ స్కూల్లో చదువుకుని, ఆ తర్వాత సీరియళ్లకు కథనం, మాటలు రాసుకుంటూ బతుకుతున్న మనిషిని. మీలో కొందరి దగ్గర పనిచేశాను, కొందరి ముందు కూర్చుని నెరేషన్ ఇచ్చాను. నాకు అన్నం పెట్టింది సీరియలే. దాని మీద చిన్నచూపుతో రాస్తున్న ఉత్తరం కాదిది. అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మీ చానల్లో నడిచే ప్రతి డైలీ సీరియల్‌కూ ఒక ట్రెయినీ రచయితను తీసుకోండి. ఏడాది పాటు నెలనెలా జీతం ఇవ్వండి. టైటిల్స్‌లో పేరు వేయండి. స్టోరీ డిస్కషన్‌లో కూర్చోనివ్వండి, సెట్‌కు రానివ్వండి. ఫిల్మ్ స్కూల్ నుంచి బయటికొచ్చిన పిల్లలకు టీవీ రచనలోకి రావడానికి ఇవాళ దారంటూ ఒకటి లేదు. ఆ దారి వేయగలిగింది మీరే.

ముందు ఒక లెక్క చూడండి. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్ అంటే ఏడాదికి 312 ఎపిసోడ్లు. ప్రకటనలు పోను ఎపిసోడ్‌కు 22 నిమిషాలు వేసుకున్నా 114 గంటల పైమాటే. రెండున్నర గంటల సినిమాలు 45 తీసినంత పని. ఇది ఒక్క సీరియల్ సంగతి. మధ్యాహ్నం స్లాట్లు, ప్రైమ్ టైమ్ కలిపితే మీ ఒక్కో చానల్లో ఎన్ని నడుస్తాయో మీకు తెలుసు. ఇంత రాత రాస్తున్న చేతులు మాత్రం చాలా తక్కువ. తిరిగి తిరిగి అవే పేర్లు. ఒక్కో సీనియర్ రెండు మూడు సీరియళ్లు ఒంటిచేత్తో మోస్తున్నారు. వాళ్ల మీద నాకు ఎంతో గౌరవం. వాళ్ల దగ్గరే నేను పని నేర్చుకున్నాను. కానీ పొద్దున ఒక ఇంటి అత్తగారికి, రాత్రి ఇంకో ఇంటి అత్తగారికి ఒకే మనిషి నిద్ర చాలక మాటలు రాస్తుంటే, నాలుగు నెలలు తిరిగేసరికి ఆ అత్తగార్లిద్దరూ ఒకేలా మాట్లాడతారు. చూసేవాళ్లు దీన్ని గమనించరనుకోవద్దు. మా అమ్మ గమనిస్తుంది. "ఈ మాట ఆ సీరియల్లో కూడా అన్నారే" అంటుంది.

జెమిని, ఈటీవీ రెండూ 1995లో మొదలయ్యాయి. అంటే ప్రైవేటు తెలుగు టీవీకి ముప్పై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో కెమెరా అసిస్టెంట్ కెమెరామన్ అయ్యే దారి ఏర్పడింది. అసిస్టెంట్ డైరెక్టర్ కో-డైరెక్టర్ అయ్యి, ఎపిసోడ్ డైరెక్టర్ అయ్యే దారి ఏర్పడింది. ఎడిటింగ్ సూట్‌లో రాత్రి షిఫ్టు కుర్రాడికి కూడా రేపు ఏమవుతాడో తెలుసు. రచయితకు మాత్రం అలాంటి మెట్లు లేవు. ఎవరో తెలిసినవాళ్లు ఉండాలి, లేదా ఘోస్ట్‌గా, అంటే పేరు లేకుండా ఇంకొకరి కోసం రాయాలి.

ఫిల్మ్ స్కూళ్లేమో తమ వంతు పని మొదలుపెట్టాయి. పుణెలో 1960లో పెట్టిన ప్రభుత్వ ఫిల్మ్ స్కూల్ ఎఫ్‌టీఐఐలో సినిమాతో పాటు టీవీ, వెబ్ సిరీస్‌లకు కూడా కలిపి స్క్రీన్‌రైటింగ్ కోర్సు ఉంది. కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా రచనకు ప్రత్యేకంగా కోర్సు పెట్టింది. మన హైదరాబాద్‌లో 2008లో రామానాయుడు ఫిల్మ్ స్కూల్, 2011లో అన్నపూర్ణ స్కూల్ వచ్చాయి. ఏటా వీటన్నిటి నుంచి రాయాలనే కోరికతో తెలుగు పిల్లలు బయటికి వస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది కృష్ణానగర్‌లో, యూసుఫ్‌గూడలో గది తీసుకుని సినిమా ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. సీరియల్ వైపు చూసేవాళ్లు తక్కువ. చూసినా ఎక్కడ అడగాలో, ఎవరిని కలవాలో తెలియదు. రెండు మూడేళ్లు చూసి కొందరు కంటెంట్ ఉద్యోగాలకు పోతారు, కొందరు ఊరికి పోతారు. చేతిలో కథ ఉన్నవాడు వెళ్లిపోయాడని మీకు తెలిసే అవకాశం కూడా లేదు, ఎందుకంటే అతను మీ గుమ్మం దాకా రాలేదు.

స్కూల్లో నేర్పింది సీరియల్‌కు చాలదన్న మాట మీ నోట చాలాసార్లు విన్నాను. అందులో నిజం ఉంది. అక్కడ మేం ఇరవై నిమిషాల డిప్లొమా ఫిల్మ్‌కు ఆరు నెలలు స్క్రిప్టు దిద్దుతాం. ఇక్కడ అదే నిడివి ఒక్కరోజులో కావాలి, మర్నాడు ఇంకోటి కావాలి. అక్కడ కథకు ముగింపు ముందే తెలిసి ఉండాలి. ఇక్కడ ముగింపు ఎప్పుడో ఎవరికీ తెలియదు. కుక్కర్ కట్టేసి రావడానికి వంటింట్లోకి వెళ్లిన మనిషి తిరిగొచ్చి కూర్చుంటే, ఎవరు ఎవరి మీద ఎందుకు కోపంగా ఉన్నారో మొదటి రెండు మాటల్లో ఆమెకు అర్థమవ్వాలి. అలాగని మొదటి నుంచీ చూస్తున్నవాళ్లకు విసుగు పుట్టకూడదు. ప్రతి బ్రేక్ ముందు ఒక చిన్న ముడి, ఎపిసోడ్ చివర బొమ్మ కదలకుండా ఆగిపోయే ఫ్రీజ్ దగ్గర పెద్ద ముడి పడాలి. నాలుగు వందల ఎపిసోడ్ల కింద ఆడపడుచు ఏ మాట అని బాధపెట్టిందో గుర్తుండాలి, ఎందుకంటే చూసేవాళ్లకు గుర్తుంటుంది. గురువారం రేటింగ్ వస్తుంది. నంబర్ పడిపోతే శుక్రవారం పొద్దునకల్లా ట్రాక్, అంటే కథ నడిచే దారి మారిపోతుంది, సీన్ల వరుసగా రాసిపెట్టుకున్న వన్‌లైన్ అంతా పక్కకు పోతుంది. ఇవన్నీ నేర్చుకోవాల్సిన విద్యలే. వీటిని క్లాసులో కూర్చోబెట్టి పూర్తిగా నేర్పడం ఎవరివల్లా కాదు. నడుస్తున్న సీరియల్ పక్కన కూర్చుంటేనే వస్తాయి. ఆ పక్కన కూర్చునే చోటు కోసమే ఈ ఉత్తరం.

సెట్ మీద రచయిత ఉంటే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాను. మణికొండ దగ్గర ఒక అద్దె బంగళాలో షూటింగ్. హాల్లో వ్రతం సీను. కోడలు దాచిపెట్టిన మెడికల్ రిపోర్టు అందరి ముందూ బయటపడాలి. సీన్ పేపర్‌లో ఏడుగురు ఆర్టిస్టులున్నారు, సీను మొత్తం మామగారి చుట్టూ తిరుగుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ వచ్చింది. మామగారి వేషం వేసే ఆయన ఇంకో సీరియల్ కాల్షీట్‌లో ఇరుక్కుపోయారు, ఇవాళ రాలేరు. హీరోయిన్‌కు సాయంత్రం బెంగళూరు ఫ్లైటు. బ్యాంకులో, అంటే ముందే తీసి దాచుకున్న ఎపిసోడ్లు లేవు, ఆ సీను రెండ్రోజుల్లో టెలికాస్ట్‌కు వెళ్లాలి. మామూలుగా అయితే ఇలాంటప్పుడు డైరెక్టర్ మామగారి డైలాగులు అత్తగారికి పంచేసి కానిచ్చేస్తారు. తప్పు పట్టడానికి లేదు, ఇంకో దారి ఉండదు.

ఆ రోజు సెట్‌లో ఒక కొత్తమ్మాయి ఉంది. ఫిల్మ్ స్కూల్ అయిపోయి ఏడాది కూడా కాలేదు. ఒక సీనియర్‌కు సాయం చేస్తూ పేపర్లు ఇవ్వడానికి వచ్చింది. ఆమె డైరెక్టర్‌ని అడిగి ఒక మూల కూర్చుని సీను మార్చి రాసింది. గుమ్మం దగ్గర మామగారి చెప్పులు పెట్టించింది. లోపల బాత్రూంలో నీళ్ల చప్పుడు. ఆయన ఇంట్లోనే ఉన్నారు, ఏ క్షణమైనా బయటికి రావచ్చు. రిపోర్టు బయటపడుతుంది, కానీ ఎవరూ గొంతెత్తలేరు. అత్తగారు కోడల్ని తిట్టాల్సిన మాటలన్నీ పళ్లు బిగించి, గుసగుసగా తిట్టాలి. నీళ్ల చప్పుడు ఆగిపోతుంది. అక్కడ ఫ్రీజ్. ఏడుగురి సీను కాస్తా ముగ్గురిదైంది, రెండున్నర పేజీలు ఒకటిన్నర అయింది. ఇంకో పని కూడా చేసింది. ఆ హీరోయిన్‌కు తెలుగు ఇంకా సరిగ్గా రాదు, పక్క నుంచి ఒకరు మాటలు అందిస్తుంటే ప్రాంప్టింగ్ మీద చెబుతుంది. అది గమనించి, పొడుగు వాక్యాలన్నీ మూడు నాలుగు పదాల ముక్కలుగా విరిచింది. ప్రాంప్టర్ అందించడం తేలికైంది, ఆ అమ్మాయి ముఖంలో భావం నిలబడింది. టెన్షన్‌తో కిందామీదా పడుతున్న యూనిట్ ఆ సీను ముగించుకుని వేళకు ప్యాకప్ చెప్పింది.

చెప్పుల ఆలోచన ఆమెకు ఫిల్మ్ స్కూల్ ఇచ్చింది. కనబడని మనిషిని ఎలా కనబడేలా చేయాలో అక్కడ నేర్చుకుంది. ప్రాంప్టింగ్‌కు తగ్గట్టు వాక్యం విరవాలన్న సంగతి సెట్ నేర్పింది. రెండూ కలిసినప్పుడే టీవీ రచయిత తయారవుతారు. అవి కలిసే ఏర్పాటు మీరు చేయాలి.

ఆ ఎపిసోడ్ టైటిల్స్‌లో ఆమె పేరు లేదు. ఆమెకు ఆ రోజు వచ్చింది బేటా (రోజు ఖర్చులకిచ్చే డబ్బు), ఆటో చార్జీ. ఆ డబ్బు కూడా సీనియర్ తన జేబులోంచి ఇచ్చారు, కంపెనీ లెక్కల్లో ఆమె అనే మనిషే లేదు. తర్వాత ఏడాదిన్నర పాటు ఆమె ఘోస్ట్‌గా రాసింది. ఎక్కడికైనా పని అడగడానికి వెళితే "ఇంతకుముందు ఏం చేశారు?" అని అడుగుతారు. చూపించడానికి ఏమీ లేదు. తను రాసిన సీన్లు రోజూ లక్షల ఇళ్లలో ఆడుతున్నాయి, అవి తనవని చెప్పుకునే వీలు లేదు. చెబితే ఉన్న పని పోతుంది. ఇప్పుడు ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో యాప్‌లకు మాటలు రాస్తోంది. మంచి జీతమే. నాకు మాత్రం తెలుగు టీవీ ఒక మంచి రచయితను పోగొట్టుకున్నట్టే అనిపిస్తుంది.

నాకూ ఇలాంటిది జరిగింది. ఒక నిర్మాణ సంస్థ వాళ్లు ట్రయల్ అని చెప్పి కొత్త సీరియల్‌కు ఆరు నెలల ట్రాక్ రాయించుకున్నారు. కాగితం లేదు, అడ్వాన్సు లేదు. "చానల్ ఓకే చేయగానే కూర్చుందాం" అన్నారు. సీరియల్ మొదలైంది. నేను రాసిన పెళ్లి ట్రాక్ మొదటి నెలలోనే వచ్చింది. నన్ను ఎవరూ పిలవలేదు. ఈ రంగంలో ఉన్న ఏ రచయితను కదిపినా ఇలాంటి కథ ఒకటైనా చెబుతారు. కొత్తవాళ్లు భయపడి దూరంగా ఉంటే అది వాళ్ల పిరికితనం అనకండి. అద్దె కట్టాల్సిన పిల్లలు వాళ్లు.

పేరు గురించి ఇంకొంచెం చెప్పాలి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. సీరియల్ అనేది తెలుగువాళ్లకు టీవీతో వచ్చింది కాదు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వారపత్రికల్లో సీరియల్ కోసం వారం వారం ఎదురుచూసిన జాతి మనది. యద్దనపూడి సులోచనారాణి గారి సీరియల్ వస్తోందంటే, యండమూరి వీరేంద్రనాథ్ గారి సీరియల్ వస్తోందంటే ఆ పేరు చూసి పత్రిక కొనేవారు. ప్రతి వారం కథ పేరు పక్కనే రచయిత పేరు అచ్చయ్యేది. మన దేశంలో మొదటి టీవీ సీరియల్ అని చెప్పుకునే 'హమ్ లోగ్' 1984లో దూరదర్శన్‌లో వచ్చినప్పుడు, దాన్ని రాసిన మనోహర్ శ్యామ్ జోషి పేరు దేశమంతా తెలిసింది. ఇప్పుడు మీ సీరియల్ చూసే ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి. హీరోయిన్ పేరు చెబుతారు, విలన్ పేరు చెబుతారు. రాసేది ఎవరో చెప్పగలిగిన మనిషి దొరకడం కష్టం. టైటిల్స్ పరుగెత్తుతాయి. యాప్‌లో చూసేవాళ్లు ఇంట్రో దాటేస్తే ఆ కాస్తా పోతుంది. ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో టీవీ కార్యక్రమాలకు కూడా నంది అవార్డులిచ్చేవారు, రచయితకు కనీసం ఏడాదికొకసారి వేదిక మీద పేరు వినబడేది. అదీ ఆగిపోయింది.

పేరు వేయడానికి పైసా ఖర్చు లేదు. కథ, కథనం, మాటలు రాసినవాళ్ల పేర్లతో పాటు రచనా సహకారం చేసిన ట్రెయినీ పేరు కూడా ఒక కార్డు మీద వేయండి. యాప్‌లో సీరియల్ పేజీలో నటీనటుల పేర్ల కిందే ఆ పేర్లు ఉంచండి. ఆ ఒక్క కార్డు చూపించుకుని ఆ పిల్లో పిల్లాడో తర్వాతి పని అడగగలుగుతారు.

మనకు సొంత కథలు లేవు కాబట్టి రీమేక్‌లు చేస్తున్నామని మీటింగుల్లో వింటుంటాను. రీమేక్‌ను నేను తక్కువ చేయను. 'కార్తీకదీపం' మలయాళం 'కరుతముత్తు' నుంచి వచ్చింది. 2017 నుంచి 2023 దాకా నడిచి 1500 ఎపిసోడ్లు దాటింది. అంత దూరం నడిపించడం మామూలు పని కాదు. 'ఇంటింటి గృహలక్ష్మి'కి మూలం బెంగాలీ 'శ్రీమయి'. హిందీ 'అనుపమ' కూడా ఆ కథే. ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. ఆ బెంగాలీ కథ రాసిన లీనా గంగోపాధ్యాయ్ అక్కడ పేరున్న రచయిత్రి, నిర్మాణంలో కూడా ఉన్నారు. రచయితను ముందు నిలబెట్టిన చోట పుట్టిన కథ మన ఇళ్లలోకి వచ్చింది. మన కథలూ బయటికి వెళ్లాయి. 2014లో జీ తెలుగులో మొదలైన 'ముద్దమందారం' తమిళంలో 'సెంబరుత్తి' అయింది. అంటే మనవాళ్లకు చేతకాక కాదు. పక్క భాష కథ కొనుక్కురావడానికి పెట్టే ఖర్చులో కొంచెం ఇక్కడి కొత్త రచయితలను తయారుచేయడానికి పెడితే, మనం కొనేవాళ్ల వైపు నుంచి అమ్మేవాళ్ల వైపుకు వెళ్లవచ్చు.

కొత్తవాళ్లు వస్తే భాష కూడా మారుతుంది. మన సీరియళ్లలో ఇల్లు కరీంనగర్‌లో ఉన్నా, కర్నూలులో ఉన్నా, శ్రీకాకుళంలో ఉన్నా అందరూ ఒకే సీరియల్ తెలుగు మాట్లాడతారు. యాస పెట్టాలంటే పనిమనిషికో, కామెడీ పాత్రకో పెడతాం. ఇవాళ ఫిల్మ్ స్కూళ్లలో పలాస నుంచి, ఆదోని నుంచి, మంచిర్యాల నుంచి వచ్చిన పిల్లలు చదువుతున్నారు. వాళ్ల అమ్మమ్మ ఎలా తిడుతుందో వాళ్లకు తెలుసు. ఆ తిట్టు కథానాయికకు, ఇంటిపెద్దకు ఇచ్చి చూడండి. చూసేవాళ్లు తమ ఇల్లు టీవీలోకి వచ్చిందని పట్టుకుంటారు.

అమెరికాలో 2023లో రచయితల సంఘం 148 రోజులు సమ్మె చేసింది. ఓటీటీ డబ్బుల గురించి, ఏఐ గురించి వార్తలు మనమూ చదివాం. వాళ్లు గొడవపెట్టిన వాటిలో ఇంకొకటి నన్ను బాగా ఆలోచింపజేసింది. షూటింగ్ మొదలవకముందే కొద్దిమందితో స్క్రిప్టులన్నీ రాయించేసి పంపించేస్తున్నారని, కొత్త రచయితలు సెట్ ముఖం చూడకుండానే ఏళ్లు గడిచిపోతున్నాయని, ఇలాగైతే రేపు షో నడిపేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారని అడిగారు. చివరికి కుదిరిన ఒప్పందంలో రచయితలు కలిసి కూర్చుని రాసే రైటర్స్ రూమ్‌లో కనీసం ఇంతమంది ఉండాలన్న నిబంధన సాధించుకున్నారు. అక్కడి డబ్బు వేరు, మార్కెట్ వేరు. ఆ ప్రశ్న మాత్రం మనదీ. పైగా ఇప్పుడు మొదటి డ్రాఫ్టు ఏఐ చేత కొట్టించి, సీనియర్ చేత సరిచేయిద్దామన్న ఆలోచన మొదలైంది. మొదటి డ్రాఫ్టు రాసి రాసే కదా సీనియర్లు సీనియర్లయింది. ఆ మెట్టు తీసేస్తే పదేళ్ల తర్వాత సరిచేయడానికి మనిషి ఉండడు.

కాగితం సంగతి. రచయితకు మీరిచ్చే అగ్రిమెంటు, ఇచ్చినప్పుడు, ఇంగ్లిషులో పదిహేను పేజీలు ఉంటుంది. అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా మీవేనని ఉంటుంది. ఇరవై మూడేళ్ల పిల్లాడు దాన్ని చదవడు, చదివినా అడగడు. చట్టం మాత్రం కొన్ని సంగతులు స్పష్టంగా చెప్పింది. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. 2012 సవరణ వచ్చాక, థియేటర్లో ప్రదర్శన కాకుండా మిగతా వాడకాలకు వచ్చే రాయల్టీలో సమాన వాటా హక్కును రచయిత వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. చట్టం దృష్టిలో మన సీరియల్ రికార్డింగు కూడా సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్ కిందికే వస్తుంది. నేను కోర్టుల గురించి మాట్లాడటం లేదు. ట్రెయినీకి రెండు పేజీల అగ్రిమెంటు తెలుగులో ఇవ్వండని అడుగుతున్నాను. పని ఏమిటి, జీతం ఎంత, ఏ తేదీన, పేరు ఎక్కడ పడుతుంది, తను తెచ్చిన కథ వాడుకుంటే విడిగా ఎంత ఇస్తారు. ఇంతే ఉండాలి అందులో. ఎపిసోడ్ టెలికాస్ట్ అయిన మూడు నెలలకు చెక్కు వచ్చే పద్ధతి కొత్తవాళ్లకు మాత్రం వద్దు. హాస్టల్ వాళ్లు మూడు నెలలు ఆగరు.

జీతం ఎంత అంటారా? హైదరాబాద్‌లో ఒక గదిలో వాటా, తిండి, బస్సు ఖర్చు వెళ్లి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు అడగక్కర్లేకుండా ఉండాలి. నెలకు 25,000 అంటే అది జరుగుతుంది. ఏడాదికి 3 లక్షలు. మీ యూనిట్‌కు ఒక్కరోజు లొకేషన్, కాస్ట్యూమ్, క్యాటరింగ్, జనరేటర్ ఖర్చులు మీకే తెలుసు. ఆ మధ్యాహ్నం మణికొండలో ప్యాకప్ అయిపోయి షూటింగ్ మర్నాటికి పోయి ఉంటే ఎంత నష్టమయ్యేదో కూడా మీకే తెలుసు.

ఫిల్మ్ స్కూళ్ల వాళ్లకూ రెండు మాటలు, ఈ ఉత్తరం వాళ్లూ చదువుతారని రాస్తున్నాను. అయ్యా, మీ దగ్గర టీవీని ఇంకా రెండో తరగతి పనిలాగే చూస్తున్నారు. సీరియల్ అంటే విద్యార్థులు నవ్వితే మాస్టర్లూ నవ్వుతున్నారు. రోజూ ఇంత మంది చూసే కథను నవ్వి పక్కన పెట్టడం రచనకు మర్యాద కాదు. చివరి సెమిస్టర్‌లో ఒక వారం పాటు రోజుకొక ఎపిసోడ్ రాయించండి. మూడో రోజున ఒక ఆర్టిస్టును తీసేయండి, నాలుగో రోజున ట్రాక్ మార్చండి. ఇంకొకటి, తెలుగు తెలుగులో రాయించండి. సంభాషణలు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే అలవాటు ముదిరిపోయింది. దానివల్ల ఒత్తులు, దీర్ఘాలు పోయి, చదివేవాళ్లు తడబడి, పలికేవాళ్లు తప్పు పలుకుతున్నారు. మాటలు రాసే మనిషి తన భాషను తన లిపిలో రాయగలగాలి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ట్రెయినీ ఏడాది తర్వాత ఏమవుతాడని మీరు అడగవచ్చు. కొందరు డైలాగ్ వెర్షన్, అంటే ఎపిసోడ్‌కు మాటలు రాసే పని సొంతంగా అందుకుంటారు. వాళ్లలో కొందరు రెండు మూడేళ్లలో స్క్రీన్‌ప్లేకు వెళతారు, ఆ తర్వాత కథ నడిపే స్థాయికి వస్తారు. కథ మీద పట్టు, మనుషులతో ఓపిక రెండూ ఉన్నవాళ్లు మీ చానల్లోనే ఈపీలుగా (ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లుగా) కూర్చుంటారు. రాయడం తెలిసిన ఈపీ ఉంటే రచయితకు ఎంత హాయిగా ఉంటుందో నేను అనుభవించాను. మార్పులు చెబుతూ పంపే నోట్స్ తక్కువ వస్తాయి, వచ్చిన ప్రతి నోట్ పనికొస్తుంది. కొందరు సినిమాకు వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. డైలీ రాసిన చేయి ఎక్కడికి వెళ్లినా ఆ వేగం, ఆ క్రమశిక్షణ తీసుకెళుతుంది. కొందరికి ఇది సరిపడదు. అది కూడా జీతం తీసుకుంటూ, అవమానపడకుండా ఏడాదిలో తేల్చుకుంటారు.

ఎవరిని తీసుకోవాలన్నది కూడా తెలిసినవాళ్ల సిఫారసు మీద వదిలేయకండి. మూడు పేజీల సీను ఒకటి రాసి పంపమని ప్రకటించండి. పరిస్థితి మీరే ఇవ్వండి, పేర్లు మూసి చదవండి. ఆడపిల్లలను సెట్‌కు పిలిచినప్పుడు రాత్రి తిరిగి వెళ్లడానికి బండి ఏర్పాటు చేయండి. చాలామంది ఇళ్లలో ఒప్పుకోక ఆగిపోయేది అక్కడే.

అన్ని సీరియళ్లకూ ఒకేసారి కుదరదంటే, మీ తర్వాతి లాంచ్‌తో మొదలుపెట్టండి. నాలాంటి రచయితలం కొందరం మాట్లాడుకున్నాం. మీరు తీసుకున్న ట్రెయినీలకు వారానికొక పూట వన్‌లైన్ ఎలా వేయాలో, ట్రాక్ ఎలా కట్టాలో, సీన్ పేపర్ ఎలా దిద్దాలో ఉచితంగా నేర్పడానికి మేం సిద్ధం. గది మీరివ్వండి. ఆదివారమైనా వస్తాం.

మీ నుంచి జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
తెలుగు సీరియళ్లకు కథనం, మాటలు రాసే ఒక రచయిత,
హైదరాబాద్